మీ పెట్రోల్ కారుకు ఏ స్పార్క్ ప్లగ్గు: నికెలా, ప్లాటినమా, ఇరిడియమా?

స్పేర్‌పార్ట్స్ షాపులో ప్లగ్గులు అడగ్గానే కౌంటర్ వెనక కుర్రాడు వేసే ప్రశ్న ఒక్కటే: "నార్మల్ ఇవ్వనా, ఇరిడియం ఇవ్వనా అన్నా?" దాని వెంటే సలహా కూడా వస్తుంది. "ఇరిడియం వేయించండి, పికప్ అదిరిపోద్ది, మైలేజీ కూడా పెరుగుద్ది." మైలేజీ సంగతి తర్వాత చూద్దాం. అసలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, మీ బండిలో ప్లగ్గుదాకా కరెంటు ఏ దారిన వస్తోందో ముందు తెలియాలి. ఒకే రకం ఇరిడియం ప్లగ్గు ఒక బండిలో హాయిగా నడిచి, ఇంకో బండిలో చాలా ముందే అరిగిపోవడానికి కారణం ఆ దారే. రెండోది, ప్లగ్గు విప్పడానికి ఎంత సామాను ఊడదీయాలన్నది. ఈ రెండూ తేలితే లోహం ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

డీజిల్ బండివాళ్లకు ఈ గొడవ లేదు. వాటిలో ఉండేవి హీటర్ ప్లగ్గులు, ఆ కథ వేరు. ఇదంతా పెట్రోల్, సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్ల గురించే.

ముందు బానెట్ ఎత్తి చూడండి

మోడల్ పేరు చెప్పి "దీనికేముంటుంది?" అని అడగడం కన్నా కళ్లతో చూసుకోవడం మేలు. ఒకే పేరుతో పదేళ్లు అమ్ముడైన కారులో ఇంజన్ మారినప్పుడల్లా ఇగ్నిషన్ (ఇంజన్‌లో రవ్వ పుట్టించే ఏర్పాటు) కూడా మారుతూ వచ్చింది.

ఇంజన్ పక్కన నల్లటి గుండ్రని టోపీ, దాని నడినెత్తిన ఒక లావుపాటి వైరు, చుట్టూ సిలిండర్‌కు ఒకటి చొప్పున మిగతా వైర్లు కనిపిస్తే అది డిస్ట్రిబ్యూటర్ బండి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ మారుతి 800 ఈ కోవలోవే. టోపీ లేకుండా, ఒక డబ్బాలాంటి దాన్నుంచి నేరుగా ప్లగ్గులకు వైర్లు వెళ్తుంటే అది కాయిల్ ప్యాక్ (కాయిల్ అంటే బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచే తీగచుట్ట). వైర్లే లేకుండా ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ బోల్టుతో బిగించి ఉంటే, మెకానిక్‌లు పెన్సిల్ కాయిల్ అనేది అదే. ఈ మధ్య పదిహేనేళ్లలో వచ్చిన కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే రకం.

ఒక్కచోట మాత్రం మోసపోయే వీలుంది. రెండు కాయిళ్లు రెండు ప్లగ్గుల మీద కూర్చుని, వాటి నుంచి పక్క రెండు ప్లగ్గులకు పొట్టి వైర్లు వెళ్తుంటాయి కొన్ని ఇంజన్లలో. చూడ్డానికి పెన్సిల్ కాయిల్‌లా ఉన్నా అది కాయిల్ ప్యాక్ జాతే. సిలిండర్లెన్నో, కాయిళ్లెన్నో లెక్కపెడితే దొరికిపోతుంది.

పాయింట్ల నుంచి పెన్సిల్ కాయిల్ దాకా

మోటారు కారుకు మొదట్లో అన్నిటికన్నా తలనొప్పి తెచ్చింది ఇగ్నిషనే. డైమ్లర్ తొలి ఇంజన్లలో బయట బర్నర్‌తో ఎర్రగా కాల్చిన గొట్టం సిలిండర్‌లోని మిశ్రమాన్ని అంటించేది. అంటే టైమింగ్ మీద పెద్దగా పట్టు లేదు, గాలి వీస్తే బర్నర్ ఆరిపోతుందన్న భయం వేరే. 1902లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ హైవోల్టేజ్ మాగ్నెటోనూ (ఇంజన్ తిరుగుడుతోనే కరెంటు పుట్టించే పరికరం), దానికి తగిన స్పార్క్ ప్లగ్గునూ కలిపి తయారుచేశాక ఆ బాధ తీరింది. ఆ తర్వాత కొన్నేళ్లకే అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో (కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్‌లాంటి జత) ఒక పద్ధతి రూపొందించాడు. కాడిలాక్ కార్లలో మొదలైన ఆ పద్ధతే చిన్న చిన్న మార్పులతో మన అంబాసిడర్ దాకా నడిచింది.

దాని పనితీరు ఇది. కాయిల్‌లో 12 వోల్టుల కరెంటు పారుతూ ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి క్యామ్ తిరుగుతూ సీబీ పాయింట్లను విడదీసిన క్షణంలో ఆ కరెంటు తెగిపోయి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. రోటర్ ఆ సమయానికి ఏ సిలిండర్ వైపు చూస్తుంటే ఆ ప్లగ్గుకు నిప్పురవ్వ వెళ్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, ఆ చిన్న పాయింట్ల జత సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. కండెన్సర్ ఎంత కాపాడినా పాయింట్ల మొహాలు కాలి, ఒకవైపు గుంత, ఇంకోవైపు బొడిపె తయారవుతాయి. ఆకురాయితో రుద్ది, ఫీలర్ గేజి పెట్టి సుమారు 0.4 మిల్లీమీటర్ల సందు సరిచేసి, టైమింగ్ చూసుకోవడమే అప్పటి ట్యూనింగ్. ఇంత చేసినా కాయిల్ బలం అంతంతమాత్రమే. అందుకే ఆ బండ్లలో ప్లగ్గు సందు (నడిమి మొనకూ, దాని మీదికి వంగిన పక్క కొక్కేనికీ మధ్య రవ్వ దూకే ఖాళీ) కూడా 0.6 నుంచి 0.7 మి.మీ. దాటనిచ్చేవారు కాదు.

1970లలో పాయింట్ల స్థానంలో మాగ్నెటిక్ పికప్, ట్రాన్సిస్టర్ వచ్చాయి. క్రైస్లర్ 1973 మోడళ్లకల్లా అమెరికాలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ను మామూలు సరంజామా చేసేసింది. అరిగే భాగం పోవడంతో కాయిల్‌కు ఎక్కువ కరెంటు పంపగలిగారు. నిప్పురవ్వ బలపడింది, ప్లగ్గు సందు 1.0, 1.1 మి.మీ.దాకా పెరిగింది. తర్వాత డిస్ట్రిబ్యూటరే పోయింది. 1980ల నడుమన సాబ్ ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ పెట్టింది. మిగతా కంపెనీలు చాలావరకు ఖర్చు కలిసొచ్చే నడిమి దారి పట్టాయి: రెండు ప్లగ్గులకు కలిపి ఒక కాయిల్. అదే కాయిల్ ప్యాక్.

ప్లగ్గు కొనేవాడికి అన్నిటికన్నా ముఖ్యమైన మెలిక ఈ కాయిల్ ప్యాక్‌లోనే ఉంది. ఒకే కాయిల్ రెండు చివర్లూ రెండు ప్లగ్గులకు వెళ్తాయి కాబట్టి రెండూ ఒకేసారి రవ్వ కొడతాయి. 1, 4 సిలిండర్లు జత, 2, 3 సిలిండర్లు జత. ఒకటి పనికొచ్చే రవ్వ, రెండోది పొగ బయటికి పోయే సమయంలో వృథాగా పోయే రవ్వ. 60 కి.మీ. వేగంలో ఇంజన్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతోందనుకుందాం. డిస్ట్రిబ్యూటర్ బండిలోగానీ పెన్సిల్ కాయిల్ బండిలోగానీ ఒక్కో ప్లగ్గు కిలోమీటరుకు 1,250 రవ్వలు కొడుతుంది. 40,000 కి.మీ.కు 5 కోట్లు. కాయిల్ ప్యాక్ బండిలో అదే దూరానికి 10 కోట్లు. వృథా రవ్వకు వోల్టేజి తక్కువే అవసరం కాబట్టి అరుగుదల కచ్చితంగా రెట్టింపు కాదు గానీ, అదనపు భారం మాత్రం నిజం.

అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది. జతలో ఒక ప్లగ్గుకు కరెంటు నడిమి మొన నుంచి పక్క కొక్కేనికి దూకుతుంది, రెండోదానికి కొక్కెం నుంచి మొనకు దూకుతుంది. అందుకే సగం ప్లగ్గులలో మొన ముందు అరుగుతుంది, మిగతా సగంలో కొక్కెం. మొన మీద మాత్రమే ఖరీదైన లోహం పెట్టి, కొక్కేన్ని మామూలు నికెల్‌తో వదిలేసిన ప్లగ్గు ఇలాంటి బండిలో వేస్తే నాలుగింట్లో రెండింటికి ఆ డబ్బు దండగే.

లోహాల సంగతి

నికెల్ ప్లగ్గు లోపల రాగి కడ్డీ ఉంటుంది, అందుకే కొందరు కాపర్ ప్లగ్గు అంటారు. కానీ రవ్వ దూకేది రాగి నుంచి కాదు, దానిమీది నికెల్ మిశ్రమం నుంచి. మొన సుమారు 2.5 మి.మీ. లావు. చవక. మంటకు అంచులు గుండ్రబడతాయి, సందు పెరుగుతుంది. చాలా బండ్లలో 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు.

ప్లాటినం 1,768 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నికెల్ 1,455 దగ్గర. అరుగుదల నిదానం. మన షాపుల్లో వీటికి గిరాకీ తక్కువ. మాన్యువల్లో ప్లాటినం అని ఉంటే తప్ప వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

ఇరిడియం 2,446 డిగ్రీలకు గానీ కరగదు. చాలా గట్టిది కూడా, కాబట్టి మొనను 0.4 నుంచి 0.6 మి.మీ.కు సన్నగా చేయొచ్చు. సన్నటి మొన నుంచి రవ్వ తేలిగ్గా దూకుతుంది, కాయిల్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇరిడియం ఇచ్చే అసలు లాభం ఇదీ, ఎక్కువకాలం మన్నడమూ. కంపెనీ చెప్పిన మంచి నికెల్ ప్లగ్గులు కొత్తగా ఉన్న బండిలో ఇరిడియం వేస్తే పికప్ గానీ మైలేజీ గానీ మారదు. ప్లగ్గులు మార్చగానే బండి తేలిగ్గా పరిగెత్తిందంటే ఆ ఘనత కొత్త ప్లగ్గులది, అరిగిపోయిన పాతవి పోయినందుకు. అక్కడ నికెల్ వేసినా అదే ఆనందం.

పెట్టె మీద ఇరిడియం అని ఉన్నంత మాత్రాన లక్ష కిలోమీటర్లు రాదు. పికప్ పేరు చెప్పి విడిగా అమ్మే రకాల్లో చాలావాటికి మొన ఇరిడియమే గానీ కొక్కెం నికెల్. వాటి ఆయుష్షు నికెల్ కన్నా మెరుగు, అంతే. లక్షకు అటూఇటూ నడిచేవి కొక్కెం మీద కూడా ప్లాటినం గానీ ఇరిడియం గానీ చిన్న ముక్క అతికించినవి. కొత్త కార్లకు ఫ్యాక్టరీలో వేసే ఖరీదైన రకం సాధారణంగా అదే. కొనేటప్పుడు కొక్కెం లోపలివైపు చూడండి, మొనకు ఎదురుగా చిన్న బిళ్ల అతికించి ఉంటే కంటికి కనిపిస్తుంది.

మూడు కొక్కేలు, నాలుగు కొక్కేల ప్లగ్గుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రవ్వ ఒకసారికి ఒక కొక్కేనికే దూకుతుంది. బలం పెరగదు.

ఏ బండికి ఏది

పాయింట్ల బండి ఉంటే నికెలే వేయండి. కార్బురేటర్, చోక్ ఉన్న ఇంజన్ మసి ఎక్కువ పడుతుంది. ప్లగ్గు తీసి తుడిచి, సందు సరిచేసి మళ్లీ పెట్టుకునే వీలు నికెల్‌లోనే ఉంది. ఇరిడియంకు పెట్టే డబ్బేదో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్‌కు పెడితే ఆ బండికి ఎక్కువ మేలు. పాత డిస్ట్రిబ్యూటర్ లోపలే పాయింట్ల చోట ఇమిడే కిట్లు వస్తున్నాయి. కొనే ముందు అది ఎన్ని ఓమ్‌ల కాయిల్ అడుగుతోందో చూసుకోవాలి. తక్కువ ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే కిట్టో కాయిలో వేడెక్కి పోతుంది. ఒరిజినల్‌గా ఉంచాలన్న మోజుతో పాయింట్లే ఉంచుకుంటానంటే అదీ సరే, డిక్కీలో ఒక పాయింట్ సెట్, ఒక కండెన్సర్ పడేసుకోండి.

కాయిల్ ప్యాక్ బండికి రెండే దార్లు: మాన్యువల్ చెప్పిన నికెల్, లేదా మొన, కొక్కెం రెండింటి మీదా ఖరీదైన లోహం ఉన్న రకం. నడిమి రకం వద్దు. ఇలాంటి కార్లు ఇప్పుడు చాలావరకు సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతున్నవి, ప్లగ్గులు పైనుంచే అందుతాయి, పావుగంట పని. నా ఓటు నికెల్‌కే. మిగిలిన డబ్బుతో హెచ్‌టీ వైర్ల (కాయిల్ నుంచి ప్లగ్గులకు వెళ్లే వైర్లు) సెట్ చూసుకోండి, వాటి రబ్బరు ఎండిపోయి ఉంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరికేసేదీ ఆ వైర్లనే. చీకట్లో ఇంజన్ స్టార్ట్ చేసి వైర్ల మీద కాస్త నీళ్లు స్ప్రే చేస్తే, లీకేజీ ఉన్నచోట నీలి మెరుపులు కనిపిస్తాయి. దూరం నుంచి చూడండి, చేయి పెట్టకండి.

పెన్సిల్ కాయిల్ బండిలో ఇరిడియం బేరం నిజంగా మొదలవుతుంది. ఊరిని బట్టి, బ్రాండును బట్టి మారినా, ఇరిడియం ధర నికెల్‌కు మూడు నుంచి అయిదు రెట్లు. లక్ష కిలోమీటర్లలో నికెల్ మూడుసార్లు మారిస్తే లోహం ఖర్చు ఇంచుమించు సమానమై, రెండు కూలీలు మిగులుతాయి. అయితే ఇది ఏడాదికి పాతిక వేలు తిరిగేవాడి లెక్క. ఆఫీసుకూ, పండక్కి ఊరికీ కలిపి ఏడాదికి 8 వేలు తిరిగే బండిలో లక్ష పూర్తవ్వాలంటే పన్నెండేళ్లు దాటుతుంది. మూడేళ్లలో బండి అమ్మే ఆలోచన ఉంటే ఆ ఇరిడియం మీరు కొన్నది తర్వాతి ఓనరు కోసం. ఫ్యాక్టరీ నుంచే ఇరిడియం వచ్చిన బండికి మాత్రం, ముఖ్యంగా టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు, చవక చూసుకుని నికెల్‌కు దిగకండి. టర్బోలో సిలిండర్ ఒత్తిడి ఎక్కువ, రవ్వ దూకడం కష్టం. ఆ ప్లగ్గు లెక్క చూసే ఇంజన్ కట్టారు.

కూలీ లెక్క తారుమారు చేసే బండ్లూ ఉన్నాయి. 2003లో మన దేశంలోకి వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐకి నాలుగు సిలిండర్లకు ఎనిమిది ప్లగ్గులు. ముందువైపు నాలుగు సులువు, వెనకవైపు నాలుగింటికి చేయి పట్టాలంటే కొంత సామాను విప్పాలి. "మార్చేశాం సార్" అంటే ఎన్ని మార్చారో అడగాల్సిన బండి అది. పాత ప్లగ్గులు ఎనిమిదీ చేతిలో పెట్టించుకోండి. ఇలాంటి ఇంజన్‌కూ, ప్లగ్గు కోసం ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాల్సిన ఇంజన్‌కూ బండి ఎంత తిరుగుతుందన్నది చూడకుండా ఎక్కువకాలం నడిచే రకమే వేయించాలి.

సీఎన్‌జీ ఉంటే

విజయవాడ, కాకినాడ, హైదరాబాద్‌లలో సీఎన్‌జీ మీద నడిచే కార్లకు పైన చెప్పిన కిలోమీటర్ల లెక్క సరిపోదు. గ్యాస్ మిశ్రమంలో రవ్వ దూకాలంటే పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గు సందు కాస్త పెరిగినా పెట్రోల్ సర్దుకుపోతుంది, గ్యాస్ సర్దుకోదు. పెట్రోల్‌లో నున్నగా నడిచే బండి గ్యాస్‌కు మారగానే ఎత్తు మీద జర్క్ ఇస్తోందంటే గ్యాస్ కిట్ ట్యూనింగ్‌కు పరుగెత్తే ముందు ప్లగ్గులు తీసి చూడండి. పెట్రోల్‌కు చెప్పిన దూరంలో సగానికే ఒకసారి సందు కొలవడం మంచి అలవాటు. ఎక్కువ తిరిగే ట్యాక్సీ అయితే సన్నమొన ఇరిడియం ఇక్కడ గిట్టుబాటే, కాయిల్ కూడా ఎక్కువకాలం బతుకుతుంది. కంపెనీ ఫిట్టింగ్ సీఎన్‌జీ అయితే ఆ వేరియంట్‌కు మాన్యువల్లో చెప్పిన నంబరే అడగండి.

నంబరు చూసి కొనండి

ఎన్‌జీకే వారి బీపీఆర్6ఈఎస్ అనే పాత నంబరు తీసుకుందాం. బీ అంటే 14 మి.మీ. మరలు, పీ అంటే ముందుకు పొడుచుకొచ్చిన మొన, ఆర్ అంటే లోపల రెసిస్టర్, 6 అంటే హీట్ రేంజ్ (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే అంకె), ఈ అంటే మరల పొడవు 19 మి.మీ. రెసిస్టర్ లేని ప్లగ్గు ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఉన్న బండిలో వేయకూడదు, ఆ రవ్వల రొద సెన్సర్లను గందరగోళపెడుతుంది. మరల పొడవు తేడా వస్తే పిస్టన్‌కే దెబ్బ.

హీట్ రేంజ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లటిది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఒక బ్రాండు అంకె చూసి ఇంకో బ్రాండులో అదే అంకె తీసుకుంటే పూర్తిగా తలకిందులవుతుంది. ప్లగ్గు మొన దగ్గర వేడి సుమారు 450 డిగ్రీలు దాటితే మసి దానంతటదే కాలిపోతుంది. 850 దాటి ఇంకా పైకి పోతే రవ్వ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది, పిస్టన్ కరిగే ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఉంచేలా కంపెనీ ఎంచిన రేంజ్‌ను మార్చడానికి మామూలు వాడకందారుకు కారణమేమీ ఉండదు.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

ఇంజన్ చల్లారాకే విప్పాలి. వేడి మీద అల్యూమినియం హెడ్ మరలు ప్లగ్గుతోపాటు ఊడొస్తే వచ్చే ఖర్చు ముందు ఇరిడియం ధర దిగదుడుపు. విప్పే ముందు గుంతలోకి గాలి కొట్టించండి, లేకపోతే అక్కడ పేరుకున్న ఇసుక నేరుగా సిలిండర్‌లోకి జారుతుంది. తీసిన ప్లగ్గులను సిలిండర్ వరుసలోనే పెట్టండి. లేత గోధుమరంగు మొన ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తడి నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. మరల పైన, గుంతలో మాత్రమే నూనె ఉంటే అంత భయపడక్కర్లేదు, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ లీకు. తెల్లగా సున్నంలా కాలి ఉంటే వేడి ఎక్కువైంది. తెల్లటి పింగాణీ మీద, లోహం అంచు దగ్గర గోధుమరంగు వలయం కనిపిస్తే కంప్రెషన్ లీకవుతోందని కొందరు భయపెడతారు. అది హైవోల్టేజి వల్ల నూనె రేణువులు అంటుకున్న మరక. ప్లగ్గు బాగానే ఉన్నట్టు.

నికెల్ ప్లగ్గును ఇత్తడి బ్రష్‌తో తుడిచి సందు సరిచేయొచ్చు. ఇరిడియంకు బ్రష్ గానీ ఎమరీ పేపర్ గానీ తగలనివ్వొద్దు, సన్నమొన విరుగుతుంది. కింద పడ్డ ప్లగ్గును బిగించకండి.

మొదటి నాలుగైదు చుట్లు రాట్చెట్ లేకుండా వేళ్లతోనే తిప్పాలి. చేతికి ఆగిన తర్వాత, కొత్త వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గుకు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. టార్క్ రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. సన్న 12 మి.మీ. ప్లగ్గుకు 15 నుంచి 20 చాలు. మరలకు గ్రీజు పూయడం పాత అలవాటు. ఇప్పటి ప్లగ్గులకు పూత ముందే ఉంటుంది, గ్రీజు పూస్తే అదే బలానికి ఎక్కువ బిగుసుకుపోయి మెడ దగ్గర తెగే ప్రమాదం ఉంది.

ప్లగ్గు మార్చినా మిస్సింగ్ పోకపోతే, పాత పద్ధతిలో ఇంజన్ నడుస్తుండగా వైరు పీకి చూడకండి. ఇప్పటి కాయిళ్లు 40 వేల వోల్టుల దాకా పుట్టిస్తాయి, షాక్ ఒకటి, కాయిల్ కాలడం ఇంకోటి. స్కానర్‌లో పీ0301 అని కోడ్ వస్తే మొదటి సిలిండర్ మిస్ అవుతోందని. ఇంజన్ ఆపి ఆ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చండి. కోడ్ తుడిచి ఒక రౌండ్ వేస్తే పీ0302గా మారిందనుకోండి, కాయిల్ పోయింది. మారకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు చూడాలి. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఇలాంటి ప్రయోగాలకు రోడ్డెక్కకండి. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

చివరగా డూప్లికేట్ల గురించి. పేరున్న బ్రాండ్లకు నకిలీలు బాగానే తిరుగుతున్నాయి, ఇరిడియంలో మరీ ఎక్కువ. పింగాణీ మీద అక్షరాలు మసకగా ఉండటం, మొన నడిమికి కాకుండా పక్కకు ఉండటం, వాషర్ చేత్తో లాగితే ఊడిరావడం అనుమానించాల్సిన గుర్తులు. నాలుగు ప్లగ్గులూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది, కాబట్టి పెట్టెలు షాపులోనే తెరిపించండి. బిల్లు మీద ప్లగ్గు నంబరు పూర్తిగా రాయించుకుని, మార్చిననాటి ఓడోమీటర్ రీడింగ్ ఆ బిల్లు వెనకే రాసి సర్వీస్ బుక్కులో పెట్టేయండి.